కొన్న పేరు, నేర్చిన విద్య

అమలాపురము గడియారస్తంభము కడ గాని, రాజోలు బస్సుల నిలయము కడ గాని, కొత్తపేట టీ దుకాణముల ముంగిట గాని సాయంకాలము కొంతసేపు నిలిచి యువకుల సంభాషణ చెవిని బెట్టినవారికి ఒక సంగతి తేటపడును. రాజకీయములును సినిమాలును ముగిసిన పిదప వారి మాట మోటారు సైకిళ్లపైకి మరలును. రాయల్ ఎన్‌ఫీల్డువారు 650 సీసీని మించిన పందెపు బండి నెప్పుడు తెత్తురు? నార్టన్ బండి మన రోడ్లమీది కెప్పుడు వచ్చును? బీఎస్ఏ, జావా అను పాత పేరులతో మరల వచ్చిన బండ్లలో వేగమునకు తగినది యేది? ఇవియే వారి ప్రశ్నలు. పెద్దలు దీనిని వట్టి వ్యామోహమని త్రోసివేయుదురు. మాకు మాత్ర మిది యంత తేలికగా త్రోసివేయదగిన విషయముగా దోచలేదు. ఈ యువకుల యాశలో వారెరుగకయే యొక జాతీయ ప్రశ్న యిమిడియున్నది. దానిని విప్పి చూపుటయే మా యుద్దేశము.

ఎన్‌ఫీల్డను పేరును మనదేశము మొదట మోటారు సైకిలు వలన వినలేదు. 1857లో సిపాయీల యాగ్రహమునకు తక్షణ కారణమైన తూటాలు ఎన్‌ఫీల్డు తుపాకివి. ఆ ఎన్‌ఫీల్డులోని రాజకీయాయుధ కర్మాగారమునకు విడిభాగములు సరఫరా చేసిన రెడ్డిచ్ పట్టణపు సైకిళ్ల కంపెనీ, ఆ సంబంధమును చాటుకొనుటకై ఆ పేరు ధరించినది. 1901లో తన మొదటి మోటారు సైకిలును తీసినది. బీఎస్ఏ యనగా బర్మింగ్‌హాము చిన్నాయుధముల కంపెనీ. అది 1861లో పుట్టినది. ఒకదాని కొకటి ఆనించి నిలిపిన మూడు తుపాకులు దాని గురుతు. నార్టన్ సంస్థ 1898లో అదే బర్మింగ్‌హామున వెలసినది. ఒకనాడు సామ్రాజ్యపు బలమునకు గురుతులైన యీ పేరులు నే డెవ్వరి చేతిలో నున్నవి? ఎన్‌ఫీల్డు చెన్నపట్టణమున నున్నది. బీఎస్ఏ 2016లో మహీంద్రావారి పరమైనది. వారు గోల్డ్ స్టార్ అను 650 సీసీ బండిని మనదేశమున విడుదల చేసిన దినము 2024 ఆగస్టు 15. నార్టన్‌ను 2020 ఏప్రిలులో టీవీఎస్‌వారు కోటి యరువది లక్షల పౌనులకు గొనిరి. మధురలో 1911లో మొదలై బస్సులు నడిపిన కుటుంబపు సంస్థ, ఇంగ్లండు పందెముల ఘనతకు మారుపేరైన కంపెనీని గొనుట చూచి సంతసింపని భారతీయు డుండడు.

అయినను సంతోషము నొకింత నిలిపి యాలోచింపవలెను. పేరు కొనుటకు ధనము చాలును. ఒక్క దినమున వ్రాతకోతలు ముగియును. విద్య నేర్చుటకు ఒక తరము పట్టును. స్వామ్యము మనదైనంత మాత్రమున సామర్థ్యము మనది కాదు. పాత పేరున రాబోవు క్రొత్త పందెపు బండ్లనుగూర్చి మన యువకులు పెట్టుకొన్న యాశ సఫలమగునా కాదా యనునది యీ రెంటి నడుమనున్న దూరమునుబట్టి యుండును.

ఇందుకు ఎన్‌ఫీల్డు చరిత్రయే మంచి సాక్ష్యము. సైన్యమునకు బుల్లెట్టు బండ్లు కావలసివచ్చుటచే 1955లో మద్రాసు మోటార్సువారును రెడ్డిచ్ కంపెనీయు కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థను నెలకొల్పిరి. తిరువొత్తియూరున మొదట విదేశపు భాగములను బిగించుటయే పని. క్రమముగా భాగములన్నియు నిచ్చటనే తయారైనవి. 1970 నాటికి ఇంగ్లండులో ఆ పరిశ్రమ మూతబడెను. 1977లో మనవారు ఇంగ్లండునకే బుల్లెట్టును ఎగుమతి చేసిరి. శిష్యుడు గురువు నింటికే సరకు పంపెను. కాని యీ గర్వకథకు రెండవ వైపును గలదు. చేయుట నేర్చితిమి గాని, మార్చుట నేర్వలేదు. 1950ల నాటి పోతయినుప ఇంజను 2000 సంవత్సరము దాటిన పిదపను అదే రూపమున కొనసాగినది. 1994లో ఐషరువారు చేపట్టిన తరువాతనే దానికి క్రొత్త యూపిరి వచ్చినది. తుదకు 2018 నవంబరులో ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ యను జంట సిలిండర్ల బండ్లు మనదేశమున విడుదలయైనవి. 648 సీసీల ఇంజను, 47 గుర్రపుశక్తి, ఆరు గేర్లు, రెండున్నర లక్షలు మొదలుకొని వెల! పాశ్చాత్యదేశములలో సైతము ఆ వెలకు అట్టి బండి లేదని విమర్శకులు మెచ్చిరి. 1955 నుండి 2018 వరకు లెక్కించిన అరువది మూడేండ్లు. పేరు వచ్చిన నాటికిని, ఆ పేరునకు దగిన క్రొత్త యంత్రమును మనము కల్పించిన నాటికిని నడుమ గడచిన కాల మిది.

తొందరపడినచో నేమగునో చెప్పు కథయు గలదు. 1983లో ఎస్కార్ట్సువారు జపానుదేశపు యమహా 350 సీసీ పందెపు బండిని రాజ్‌దూత్ పేరుతో మనయెదుట నిలిపిరి. నాటి రోడ్లపై దానికి సాటి లేదు. కాని పెట్రోలును అది త్రాగిన తీరు మధ్యతరగతి సంసారికి మోయరానిదయ్యెను. దాని మరమ్మతు తెలిసినవారును అరుదు. పదియేండ్లు నిండకుండగనే దాని తయారి నిలిచిపోయినది. పిదప 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100, చిన్నదైనను చురుకైనదై, 1996 వరకు తయారై, నేటికిని కోనసీమ పల్లెలలో బిడ్డవలె పెంచబడుచున్నది. మైసూరున 1961 మొదలు జావా బండ్లను, తరువాత యెజ్డీలను తీసిన కర్మాగారము 1996లో మూతబడెను. జావా పేరు మరల లేచుటకు 2018 వరకు నిరీక్షింపవలసివచ్చెను. అప్పు తెచ్చిన వేగము ఈ నేలలో వేరు పారలేదు. రోడ్డునకును, కొనువాని చేతికిని, మెకానిక్కు నేర్పునకును ఇమిడిన యంత్రమే నిలిచినది.

కావున క్రొత్త బండ్లనుగూర్చి మన యువకులు అడుగవలసిన ప్రశ్నలు వేరు. పందెపు బండి యనగా హ్యాండిలును క్రిందికి దించి, సీటును వెనుకకు జరిపి, పెట్రోలు తొట్టిమీద పాత కాలపు బంగారుగీతలు దిద్దిన బండి కాదు. 1960 ప్రాంతమున ఇంగ్లండులో రోడ్డుప్రక్క టీ కొట్ల నడుమ పరువులిడిన కుర్రవాండ్రు తమ సామాన్యపు బండ్లను తామే విప్పి, బరువు తగ్గించి, వేగము పెంచుకొనిరి. కేఫ్ రేసర్ అను పేరు అందుండి పుట్టినది. కాంటినెంటల్ జీటీ యను పేరు ఆ కాలపుదే. ఆ సంప్రదాయమునకు ప్రాణము రంగులో లేదు, విప్పి చూచిన చేతిలో నున్నది. చట్రము మలుపులో నిలుచునా? బ్రేకు వానలో పట్టునా? ఇంజనును గీసినవా రెవరు? దాని విడిభాగము అమలాపురమున వారము దినములలో దొరకునా? ఇవి యడుగవలెను. 2025 నవంబరులో మిలాను ప్రదర్శనమున నార్టన్‌వారు మ్యాంక్స్ ఆర్ అను 1200 సీసీ నాలుగు సిలిండర్ల బండిని చూపిరి. ధనము హోసూరుది, ఇంగ్లండు కర్మాగారము సోలిహల్‌లోనిది. తప్పు లేదు, ఎన్‌ఫీల్డువారును చట్రముల పనిలో ఆరితేరిన హారిస్ సంస్థను గొని, 2017లో ఇంగ్లండున పరిశోధనశాల నెలకొల్పి, అచ్చటి నిపుణులను చెన్నపట్టణపు ఇంజనీర్లతో కలిపియే 650లను సాధించిరి. విద్య యెచ్చట నున్నను నేర్వవలసినదే. కాని నేర్చిన విద్య యింటికి రావలెను. రాబోవు పదియేండ్లలో ఆ నాలుగు సిలిండర్ల ఇంజనును గీయగల చేతులు మన పక్షమున నెన్ని యుండునో, అదియే నార్టన్‌ను కొన్నందుకు మనకు దక్కు ఫలము.

ఇట్టి సమయమున ప్రభుత్వము వేసిన యొక యడుగు మాకు విచారము గలిగించినది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ వరకు గల మోటారు సైకిళ్లపై పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది. ఇది సామాన్యునకు మేలు, మే మభినందించుచున్నాము. కాని 350 దాటినవానిపై అంతకుముందు సెస్సుతో గూడ 31గా నున్నది 40కి పెరిగినది. పెద్ద బండి ధనికుల విలాసమనియు, విలాసముపై పన్ను న్యాయమనియు వాదింపవచ్చును. బస్సులేని పల్లెకు బస్సు ముందు, పందెపు బండి తరువాత యనుటయు న్యాయమే. ఈ వాదమును మేము తేలికగా చూడము. అయినను విలాసమును కొలువదలచినచో వెలనుబట్టి కొలువవలెను. సిలిండరు పరిమాణమునుబట్టి కొలుచుట సరికాదు. మూడు లక్షల ఎన్‌ఫీల్డును, ముప్పది లక్షల విదేశపు బండిని ఒక్క గాట కట్టుట యేమి వివేకము? 350 యను గీత గీసినచో, మన తయారీదారులు ఆ గీతయొద్దనే యాగిపోవుటకు మొగ్గుదురు. ప్రపంచమున పోటీ నడుచుచున్నది ఆ గీతకు ఆవల. ఇంట నేర్వనివాడు బయట గెలువజాలడు.

ఇక మన కోనసీమ మాట. ఇచ్చటి మోటారు సైకిలు విలాసము కాదు, అవసరము. గోదావరి పాయలు చుట్టిన యీ దీవిలో పల్లెనుండి పట్టణమునకు కాలువగట్టే రాచబాట. సఖినేటిపల్లి రేవున పంటు నెక్కి నరసాపురము చేరిన బండ్లెన్నో, యెదురులంక వారధి దాటి యానాము చేరున వెన్నో! కొబ్బరికాయల గోతము వెనుకను, పిల్లల బడిసంచి ముందును మోయుచు ఆ బండి సంసారమును లాగుచున్నది. అట్టి గట్లమీద 650 సీసీ బండిని నూరు మైళ్ల వేగమున దోలదలచిన యువకునకు మేము కఠినముగా ఒక మాట చెప్పవలసియున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిదప విస్తరించిన కాలువల గట్లవి. లస్కరులు నీరు చూచుకొనుటకును, రైతు చేనికి పోవుటకును ఏర్పడినవి. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క బోదె, నడుమ ఎదురువచ్చు ముసలివాని సైకిలు. అచ్చట చూపిన వేగము శౌర్య మనిపించుకొనదు. 2022లో మనదేశపు రోడ్లపై మృతినొందినవారు 1,68,491 మంది; అందు నూటికి 44 మందికి మించి ద్విచక్రవాహనములవారు. హెల్మెట్టు ధరింపక మరణించినవారే యేబదివేల మంది. ఈ లెక్కలో మన యూరి బిడ్డలును గలరు. వారి తల్లులకు ఏ కంపెనీ చరిత్రయు ఓదార్పు కాదు.

వేగమునకు తగిన చోటు పందెపు బాట. ఒకప్పుడు షోళవరపు విమానరంగముమీద పందెములు జరిగెడివి. నేడు శ్రీపెరుంబుదూరు కడను, కోయంబత్తూరునను, గ్రేటర్ నోయిడాలోను తగిన బాటలు గలవు. ఎన్‌ఫీల్డువారు 2021 నుండి కాంటినెంటల్ జీటీ బండ్లతోనే పోటీలు నడుపుచున్నారు. అందరికిని ఒకే బండి. గెలుపు తోలువాని నేర్పుది. ఆశగల యువకుడు అచ్చటికి పోవలెను. పాత పేరుల నమ్ముకొనుచున్న సంస్థలు ఆ యువకునకు దారి చూపవలెను. ప్రదర్శనశాలలో బండి నమ్మి తాళపుచెవి చేతబెట్టుటతో వాని బాధ్యత తీరదు.

మరియొక మాటతో ముగింతుము. అమలాపురపు మెకానిక్కు షెడ్లలో చదువు లేకున్నను, చెవితో విని ఇంజను జబ్బు చెప్పగల పనివారు గలరు. పట్టణము చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలు గలవు. ఈ రెంటికిని రాకపోకలు లేవు. ఒకనికి చేయి యున్నది, ఒకనికి పుస్తకమున్నది. ఆ షెడ్డునకు విద్యార్థిని నెలకొక దినము పంపిన కళాశాల గాని, ఆ పనివానిని పిలిచి పాత ఇంజనును విప్పించి చూపిన ఉపాధ్యాయుడు గాని, క్రొత్త బండి కొరకు ఎదురుచూచు వేయిమంది కంటె ఎక్కువ దేశసేవ చేసినవాడగును. మన యువకులు గల్ఫునకు పోయి కూలి తెచ్చుచున్నారు, అమెరికాకు పోయి జీతము తెచ్చుచున్నారు. ఆ ధనముతో పరదేశపు పాత పేరు గల బండిని గొని తృప్తి పడుచున్నారు. కొనుడు, వలదనము. కాని కొన్న బండిని ఒక్కమారైన విప్పి చూడుడు. అందులో మీరు చేయగల భాగ మేదియో వెదకుడు. కొన్న పేరు చేతులు మారవచ్చును. నేర్చిన విద్య చేతిలోనే నిలుచును. ఎన్‌ఫీల్డు తూటా పేరు విని పూర్వులు రోషపడిరి. ఆ పేరు గల ఇంజనునకు క్రొత్త రూపము గీసినవాడు కోనసీమ బిడ్డ యని భావితరమువారు వినినచో ఆ రోషము తీరినట్లే.