పటము క్రింది అక్షరములు

తెరచాప ఓడల కాలమున, ఫొటోగ్రఫీ పుట్టకపూర్వము, ఇంగ్లండులో నౌకాసేనానుల ముఖములను రాగిరేకులపై చెక్కి కాగితములపై అచ్చువేసెడివారు. లండనులో 1799 నుండి 1818 వరకు వెలువడిన 'నేవల్ క్రానికల్' పత్రిక ఇట్టి పటములను వరుసగా ప్రకటించినది. ఆ కాలపు యుద్ధనౌకలు మన తెలుగు తీరమునకును వచ్చినవే. 1804 సెప్టెంబరులో విశాఖపట్టణము ఎదుట ఆంగ్ల, ఫ్రెంచి నౌకలు పోరాడినవి.

ఆ చెక్కుడుపనిని నేతవారి బిడ్డలు సులభముగ గ్రహింపగలరు. పనివాడు ఉక్కు ములుకుతో రాగిపై సన్నని గీతలు తీయును. నీడ కావలసినచోట వానికి అడ్డముగ మరల గీతలు తీయును, పడుగునకు పేకవలె! ఆ గీతలలో సిరా నింపి, పైభాగము తుడిచి, తడి కాగితముంచి యంత్రమున నొక్కినచో ముఖము తేలును.

అయితే నన్ను ఆకర్షించినవి ముఖముల క్రింది అక్షరములు. అందు సేనాని పేరే కాక, సాధారణముగా ఎడమవైపు చిత్రకారుని పేరు, కుడివైపు చెక్కినవాని పేరు నుండును. ఆ విధముగ పనివాడును నిలిచినాడు.

ఓడను నడిపిన బట్టను నేసినవారికి ఆ భాగ్యము లేదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధమున మరణించిన నెల్సను ముఖము ఎన్నో పటములలో నున్నది. అతని నౌక 'విక్టరీ' తెరచాప యొకటి, సుమారు 90 తూట్లతో, నేటికిని భద్రముగ నున్నది. అది స్కాట్లండులోని డండీ ప్రాంతపు నేత. నేసినవారి పటమేది?

షోలాపురము దుప్పటి దేశమంతట పేరొందినది. ఊరి పేరు నిలిచినది; తెలంగాణ పల్లెలనుండి వచ్చి మగ్గము పట్టిన మన పెద్దల పేర్లు నిలిచినవా?

ఇప్పుడు ఫోనులలో ఫొటోలు లేవా యని కొందరందురు. ఉన్నవి. కాని పేరు లేని ఫొటో మూడవ తరమునకు అపరిచితుని ముఖమే. మరాఠీలో వ్రాసిన చాలదా యని మరికొందరందురు. మరాఠీ మనకు అన్నము పెట్టిన నేల భాష. దానిని గౌరవముతో నేర్తము. అయినను నాయనమ్మ తన పేరును, తన ఊరిని పలికినది తెలుగున గదా! ఆమె పలికినట్లే వ్రాయుట మనకు ధర్మము.

బాలబాలికలారా! ఈ సెలవులలో మగ్గము నేసిన తాతదో, బీడీలు చుట్టిన నాయనమ్మదో ఒక్క పటము తీసికొని, దాని క్రింద పేరు, పుట్టిన ఊరు, చేసిన పని తెలుగున వ్రాయుడు. వారికి చదివి వినిపించి తప్పులు దిద్దుకొనుడు. తల్లిదండ్రులారా! పిల్లలు అడిగినపుడు "మాదేమున్నదిలే" యని త్రోసిపుచ్చకుడు. చెప్పగలవారు ఇంట నుండగనే ఈ పని జరుగవలెను.