వైద్యురాలి ఎదుట మౌనమేల?

పెండ్లి చీర కొనవలసి వస్తే పత్తర్‌గట్టీలో పది దుకాణాలు ఎక్కి దిగుతాము. రంగు చూస్తాము, నేత చూస్తాము, బేరమాడుతాము. ఆ పెండ్లికూతురే కొంతకాలానికి నెల తప్పితే, ఏ వైద్యురాలి వద్దకు పోవలెనన్న ప్రశ్న పొరుగింటివారి ఒక్క మాటతో తేలిపోతుంది. ఆమెను ఎవరూ అడుగరు. వైద్యురాలి గదిలో సైతం ప్రశ్నలకు అత్తగారో భర్తయో బదులు చెబుతారు. ఆమె తల వంచుకొని కూర్చుంటుంది. తన దేహాన్ని గూర్చిన ఈ నిర్ణయంలో మొదటి మాట స్త్రీదే కావలెనని, అందుకు విద్యావంతులైన యువతీయువకులే దారి చూపవలెనని మా అభిప్రాయం.

ఇందులోని ప్రాణాపాయం మన నగరం ఎరుగనిది కాదు. యువరాణి నీలోఫర్ పరిచారిక ఒకామె 1949లో ప్రసవ సమయాన మరణించింది. అటువంటి మరణం మరొకటి జరుగరాదన్న యువరాణి సంకల్పం నుండి 1953లో నీలోఫర్ ఆసుపత్రి వెలసింది. నాడు ఆసుపత్రులే కొరత. నేడు పేటపేటకూ నర్సింగ్ హోము ఉన్నది. ఎన్నుకొనే వివేకమే మనకు ఇంకా అలవడలేదు.

ఎన్నుకొనుటకు మొదట చూడవలసినది యోగ్యత. ప్రసూతి, స్త్రీరోగ శాస్త్రంలో ఎం.డి., ఎం.ఎస్., డి.ఎన్.బి. లేదా డి.జి.ఓ. పట్టం ఉన్నదా? వైద్య మండలిలో పేరు నమోదైనదా? ఇవి అడుగుట అమర్యాద కాదు. తరువాత ఆసుపత్రి సంగతి. అర్ధరాత్రి నొప్పులు వస్తే ఎంతసేపటిలో చేరగలము? ఆ వేళ మత్తు వైద్యుడు, రక్తం, శిశువైద్యుడు అందుబాటులో ఉంటారా? కాన్పు ఈ వైద్యురాలే చేస్తారా, మరొకరా? ఖర్చు ఎంత? అద్దాల మేడను చూసి మురిసిపోయేవారు ఈ ప్రశ్నలను మరచిపోతారు.

మరొక ప్రశ్న మరీ ముఖ్యం: ఏ పరిస్థితులలో ఆపరేషను చేస్తారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రులలో ఆ సంఖ్య 81.5. దేశం మొత్తం మీద అది 21.5 మాత్రమే. అవసరమైనచోట ఆ ఆపరేషను తల్లీబిడ్డల ప్రాణదాత. కాని ఇంతమందికీ అది అవసరమేనా అని సందేహించుట సహజం. వైద్యులనే తప్పుపట్టి లాభం లేదు. ముహూర్తం చూసి కోత కోరుకొనే కుటుంబాలూ లేకపోలేదు. కారణం అడిగినప్పుడు విసుగుకొనక వివరించే వైద్యురాలే మనకు తగిన వైద్యురాలు.

రెండు భాషల కళాశాలగా మేము ప్రత్యేకించి చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఆఖరి బహిష్టు ఎప్పుడు వచ్చిందని వైద్యురాలు తెలుగులో అడిగితే, ఉర్దూ మాత్రమే వచ్చిన తల్లి తెల్లబోతుంది. ఇంకొకచోట ఉర్దూలో చెప్పిన పథ్యం తెలుగు కోడలికి సగమే అర్థమవుతుంది. పదేండ్ల కొడుకును దుబాసీగా నిలబెడితే ఆ తల్లి తన అసలు బాధ నోరు విప్పి చెప్పగలదా? కనుక భాష కలిసే వైద్యురాలిని వెదకుకొనవలెను. అది సాధ్యం కానప్పుడు రెండు భాషలూ తెలిసిన నమ్మకమైన స్త్రీని వెంట తీసుకొనిపోవలెను. మన విద్యార్థినులు తమ వాడలో చేయగల గొప్ప సేవ ఇది.

ఇక వెళ్లేముందు సిద్ధపడుట. ఒక కాగితం మీద ఆఖరి బహిష్టు మొదటి తేదీ, అది ఎన్ని రోజులకొకసారి వస్తున్నదీ, పూర్వపు కాన్పులు, గర్భస్రావాలు, పడని మందులు రాసుకొనవలెను. ఇంట్లో మధుమేహం, రక్తపోటు ఉన్నవేమో తెలుసుకొనవలెను. మేనరికమైతే దాచరాదు. హకీముగారి యూనానీ మందైనా, ఆయుర్వేద లేహ్యమైనా వాడుతున్నట్లు చెప్పవలెను. పాత చీటీలు, పరీక్షల కాగితాలు వెంట ఉండవలెను. అడుగదలచిన ప్రశ్నలలో ముఖ్యమైనది మొదట రాసుకొంటే మంచిది. గదిలో అడుగుపెట్టగానే సగం మరచిపోతాము. గర్భిణి మొదటి పరీక్షకు మూడు నెలలు నిండకముందే వెళ్లవలెను. రక్తస్రావం, చూపు మసకబారే తలనొప్పి, బిడ్డ కదలిక తగ్గుట — వీటిలో ఏది కనిపించినా తరువాతి తేదీ కొరకు ఆగరాదు.

ఇదంతా పెండ్లయినవారి సంగతి అని మా విద్యార్థినులు అనుకొనరాదు. క్రమం తప్పిన బహిష్టు, భరించరాని నొప్పి, అధిక రక్తస్రావం ఇవన్నీ చూపించుకొనవలసినవే. ఆ సర్వేలోనే తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కనిపించింది. “పెండ్లికాని పిల్ల ఆ ఆసుపత్రికి పోతే నలుగురూ ఏమంటారు?” అన్న భయం ఎందరినో ఇంట్లోనే కృశింపజేస్తున్నది. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించి, 2018లో వెలువడిన రోగుల హక్కుల పత్రం ఈ భయానికి కొంత విరుగుడు. పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ దగ్గర ఉండవలెనని, రోగి రహస్యం కాపాడవలెనని, రెండవ వైద్యుని అభిప్రాయం కోరవచ్చునని అది చెబుతున్నది. ఏ పరీక్ష చేయబోతున్నారో ముందుగా అడుగవచ్చును, వద్దనిపిస్తే ఆపమనవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండు విషయాలు. ఏటా ఒక స్త్రీ వైద్యురాలిని పిలిపించి రెండు భాషలలోనూ ఉపన్యాసం ఏర్పాటు చేయవలెను. దానికి విద్యార్థులను కూడా కూర్చోబెట్టవలెను, రేపటి భర్తలు వారే కదా! రెండవది, పైన చెప్పిన ప్రశ్నలను ఉర్దూ, తెలుగులలో ఒక చిన్న కార్డుగా అచ్చువేసి ప్రతి విద్యార్థిని చేతికీ ఇవ్వవలెను. దానికయ్యే వ్యయం స్వల్పం. ఆ కార్డు ఇంటికి చేరి, ఒక తల్లి తన బాధను తన నోటితో చెప్పుకొనుటకు తోడ్పడితే, ఈ కళాశాల రెండు భాషలు నేర్పినందుకు సార్థకత కలిగినట్లే.