పులిపిరికి చలి వైద్యం

గుడియాత్తం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా అమ్మాయికి చెంప మీద రెండు, మెడ మీద నాలుగు చిన్న కాయలు లేచాయి. నొప్పి, దురద ఏమీ లేవు. మాఘమాసంలో పెళ్లి. వేలూరులో ఐసుతో కాల్చి రాలగొడతారట గదా, ముహూర్తానికి రెండు వారాల ముందు చేయించవచ్చునా?" అని. ఇదే మాట చాలామంది అడుగుతుంటారు కనుక ఈసారి శీర్షికను దీనికే కేటాయిస్తున్నాను.

ముందు సూటిగా జవాబు: చెంప మీద వద్దమ్మా. ఎందుకో వివరిస్తాను.

ఏది ఏ కాయ?

మనం అన్నిటినీ పులిపిర్లే అంటాం. ఇక్కడి తమిళులు 'మరు' అంటారు. కాని వీటిలో రకాలున్నాయి. గరుకుగా, చిన్న కాలీఫ్లవర్ ముక్కలా ఉండేది అసలైన పులిపిరి. దానికి కారణం ఒక వైరస్. గోకినా, గడ్డం గీసుకునేటప్పుడు తెగినా పక్కకు పాకుతుంది. మెడ మీద, చంకల్లో మెత్తగా వేలాడేవి చర్మపు తిత్తులు, ఇవి అంటవు. ఒళ్లు చేసినవారిలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఎక్కువగా వస్తాయి. మెడ నల్లగా మందంగా కూడా ఉంటే రక్తంలో చక్కెర చూపించుకోవాలి. చెంపల మీద ఆవగింజల్లా లేచే నల్లని కాయలు మన రంగువారిలో సాధారణం. తల్లికి ఉంటే కూతురికీ వస్తుంటాయి. ఈ మూడూ ప్రాణానికి హాని చేసేవి కావు.

వైదీశ్వరన్ కోయిల్‌లో ఉప్పు, మిరియాలు సమర్పించి, కోనేటిలో బెల్లం వేసే మొక్కు మనలో చాలామందికి తెలుసు. బెల్లం కరిగినట్లు కాయ కరగాలని ఆశ. పిల్లల పులిపిర్లలో సుమారు మూడింట రెండు వంతులు రెండేళ్లలో వాటంతట అవే పోతాయి. కనుక మొక్కుకుని ఓపిక పట్టినవారికి నష్టం లేదు. సున్నం, చాకలి సోడా కలిపి పెట్టినవారికే నష్టం. కాయతోపాటు చుట్టూ ఉన్న చర్మమూ కాలి, జన్మంతా మచ్చ మిగులుతుంది. గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టడం వల్ల చీము పట్టినవారూ ఉన్నారు.

చలితో ఎలా పోతుంది?

ఉప్పు కలిపిన ఐసు మామూలు ఐసుకంటే చల్లగా ఉంటుందని ఐస్‌క్రీం చేసేవారికి తెలుసు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో జేమ్స్ ఆర్నాట్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ మిశ్రమంతోనే కణుతులను గడ్డ కట్టించాడు. 1899లో న్యూయార్కులో క్యాంప్‌బెల్ వైట్ ద్రవరూపంలోని గాలిని చర్మవ్యాధులకు వాడాడు. 1950 నుంచి ద్రవ నైట్రోజన్ వాడుకలోకి వచ్చింది. దాని చలి సున్నాకు 196 డిగ్రీల కింద. పశువుల ఆసుపత్రిలో ఎద్దు వీర్యం భద్రపరిచే క్యాను మూత తీస్తే తెల్లని పొగ వస్తుందే, అదే ఇది.

డాక్టరు దాన్ని దూదిపుల్లతో గాని, సన్నని తుంపరగా గాని కొన్ని సెకండ్లు తగిలిస్తారు. కాయ తెల్లగా గడ్డ కట్టి, మళ్లీ కరుగుతుంది. ఆ కరగడంలోనే కణాలు చస్తాయి. సూదిమందు సాధారణంగా అక్కరలేదు గాని చురుక్కుమంటుంది. మరునాటికి బొబ్బ లేవవచ్చు, చిదమకూడదు. పొక్కు కట్టి ఒకటి రెండు వారాల్లో రాలుతుంది. పులిపిరికి రెండు మూడు వారాలకొకసారి, కొన్ని విడతలు పట్టవచ్చు. చేతులు, కాళ్ల పులిపిర్లకు సాలిసిలిక్ యాసిడ్ పూత కూడా దాదాపు అంతే పని చేస్తుంది, ఖర్చూ తక్కువ. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం పాదాలకు సొంతంగా పూయరాదు.

మన రంగుకు ఒక జాగ్రత్త

చర్మానికి రంగునిచ్చే కణాలు చలికి అన్నిటికంటే ముందు చస్తాయి. సున్నాకు నాలుగైదు డిగ్రీలు దిగితే చాలు. అందుకే చామనఛాయవారికి కాయ పోయినచోట తెల్లమచ్చ మిగలవచ్చు. నెలల తరబడి ఉండవచ్చు, ఒక్కొక్కప్పుడు పోకనే పోవచ్చు. పైగా అక్కడ కొంతకాలం స్పర్శ తగ్గవచ్చు. తెల్లమచ్చ, పైన మొద్దుబారడం అంటే మన ప్రాంతంలో ఏమనుకుంటారో చెప్పనక్కరలేదు. పక్కనున్న కరిగిరిలో కుష్ఠువ్యాధి పరిశోధన, చికిత్సల కేంద్రం 1955 నుంచి ఉంది. ఆ వ్యాధి మందులతో పూర్తిగా నయమవుతుంది, మందులు ఉచితం. అయినా పెళ్లిపందిట్లో గుసగుసలకు మందు లేదు. చలి వైద్యం చేయించుకున్నవారు తేదీ, చోటు రాసి ఉంచుకుని, తర్వాత చూసే డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇంకొక మాట. గడ్డ కట్టించిన కాయను పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. త్వరగా పెరిగేది, రక్తం కారేది, నెల దాటినా మానని పుండు, అరికాలిలోనో గోరు కిందనో కొత్తగా వచ్చిన నల్లమచ్చ ఉంటే ముందు పరీక్ష, తర్వాతే చికిత్స. పేరు తెలియని కాయను కాల్చమని ఎవరినీ అడగవద్దు.

సోదరికి చివరిగా: అమ్మాయిని ఇప్పుడే చర్మవైద్యులకు చూపించండి. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి ఈనాడు ఎంతటిదో మీకు తెలుసు. మీ ఊరికి దూరమూ కాదు. మెడ మీదివి తిత్తులైతే కత్తిరించి తీయడం సులువు. చెంప మీదివాటిని పెళ్లి అయ్యేదాకా అలాగే ఉంచండి. ఆ తర్వాత తీయించుకోవాలా వద్దా అన్నది అమ్మాయినే అడగండి. ఆ రెండు గింజలు ఆమెకు బరువనిపించకపోతే వాటికి వైద్యమే అక్కరలేదు.