పాత కారు, పెద్ద ఇంజను, ఢిల్లీ చట్టం

పార్లమెంటులో ఒక చట్టాన్ని సవరించినపుడు రాజధానిలో దానిపై చర్చ రెండు మూడు రోజులు సాగి చల్లారిపోతుంది. దాని ఫలితం అనుభవించేవారు మాత్రం ఎక్కడో దూరాన, సముద్రపుటొడ్డున వుంటారు. పుదుచ్చేరిలో స్థిరపడిన యానాం మిత్రుడొకరు ఈ మధ్య నన్నడిగిన ప్రశ్న ఇందుకు నిదర్శనం. ఆయన వద్ద పాత ఎం.జి.బి. స్పోర్ట్సు కారున్నది. అందులోని 1.8 లీటర్ల ఇంజను అరిగిపోయినది. దాని స్థానే మూడున్నర లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను ఎక్కించుకొనవచ్చునా? అందుకు ఢిల్లీలో అనుమతి ఎవరిస్తారు?

ఇది సంపన్నుల ముచ్చట గదా అని పాఠకులు పెదవి విరవవచ్చును. కాని తరచి చూస్తే ఇందులో రహదారిపై నడిచే సామాన్యుని ప్రాణభద్రత వున్నది. పాత వస్తువుల పట్ల ప్రభుత్వానికి గల దృష్టి వున్నది. పౌరుని చేత నిజం చెప్పించే చట్టమా, అబద్ధం చెప్పించే చట్టమా అన్న మీమాంస కూడా వున్నది.

చట్టం చెప్పేది స్పష్టమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, 2000లో సవరణ పొందిన తరువాత, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా యజమాని వాహనాన్ని మార్చరాదని శాసిస్తున్నది. కేరళ నుండి వచ్చిన ఒక వివాదంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిషేధాన్నే బలపరచినది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని అంశం. కనుక పుదుచ్చేరి శాసనసభ తలచుకున్నా ఈ ముడి విప్పలేదు. యానాం బండికి పి.వై. 04 అన్న నంబరు పలక ఇచ్చేది పుదుచ్చేరి రవాణా శాఖే అయినా, ఆ శాఖ చేతులు కట్టివేసిన తాడు మాత్రం ఢిల్లీలోనే వున్నది.

పోనీ, పాత కార్లకు ప్రత్యేకంగా చేసిన నిబంధనలేమైనా ఆదుకుంటాయా అంటే, అదీ లేదు. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషను పద్ధతి ప్రవేశపెట్టినది. యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయల రుసుముతో, పదేళ్ల గడువుతో, వి.ఎ. అక్షరాలు గల నంబరు ఇస్తారు. ఇది హర్షించదగిన చర్యే. అయితే ఆ బండి మూలరూపంలోనే వుండాలి. ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరిగి వుండరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకొనుటకు తప్ప రోజువారీగా రోడ్డెక్కరాదు. అనగా, మ్యూజియం వస్తువుగానైనా బ్రతకాలి, లేదా ఫ్యాక్టరీ నుండి వచ్చినది వచ్చినట్లుగానైనా నడవాలి. నడుమ మరొక దారి లేదు.

కాని మోటారు చరిత్రలో కీర్తి గడించిన కార్లు కొన్ని ఆ నడిమి దారినే పుట్టినవి. 1962లో అమెరికన్ రేసు వీరుడు కారోల్ షెల్బీ, ఏ.సి. ఏస్ అనే చిన్న ఆంగ్ల కారులో ఫోర్డు వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను బిగించి కోబ్రాను సృష్టించినాడు. ఎం.జి.బి. సంగతే చూడండి. 1967లో ఆ కంపెనీయే మూడు లీటర్ల ఇనుప ఇంజనును అందులో దూర్చి ఎం.జి.సి. అని పేరు పెట్టినది. ముక్కు బరువెక్కి, మలుపులలో బండి మొరాయిస్తున్నదన్న అపకీర్తితో 1969లోనే దానికి స్వస్తి చెప్పవలసి వచ్చినది. ఆ తరువాత కెన్ కాస్టెల్లో అనే రేసు డ్రైవరు తన షెడ్డులో అదే కారుకు రోవర్ వారి మూడున్నర లీటర్ల అల్యూమినియం ఇంజను అమర్చినాడు. పెద్దదైనా అది పాత ఇనుప ఇంజను కన్న బరువు కాదు. అది విజయవంతం కావడంతో 1973లో ఫ్యాక్టరీయే ఆ బాట పట్టినది. ఫ్యాక్టరీ బిగించిన ఆ కారు నేడు యాభై ఏళ్లు దాటి మన దేశంలో వింటేజి హోదాకు అర్హమవుతుంది. అదే ఇంజనును అదే కాలంలో షెడ్డులో బిగించి వుంటే అది నేరం. ఈ తేడా లోహంలో లేదు, కాగితంలో వున్నది.

మన దేశంలోనూ ఈ ఆనవాయితీకి లోటు లేదు. దిగుమతులు బిగించివేసిన రోజులలో విదేశీ కారుకు విడిభాగం దొరకడం దుర్లభం. దొరికిన ఇంజనుతో బండిని బ్రతికించుకున్నవారు ఎందరో. డీజిలు చవక అని అంబాసిడరుకు మెటడోర్ ఇంజను బిగించుకున్న కార్లు మన ఊళ్లలో తిరగనే తిరిగినవి. 1984లో వచ్చిన కాంటెస్సాకు అంబాసిడరు నాటి ఒకటిన్నర లీటర్ల ఇంజను చాలలేదని, తరువాత హిందుస్తాన్ మోటార్సు వారే ఇసుజు ఇంజను అమర్చినారు. అవసరం నేర్పిన ఆ విద్యను, ఆ మెకానిక్కుల నేర్పును, 2021 నాటి నిబంధన చరిత్రగా గుర్తించడం లేదు.

అయితే రెండో పక్షాన్ని కూడా చెప్పక తప్పదు. వేగం వంద నుండి నూట నలభైకి పెరిగితే బండి ఆపవలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. పాత ఇంజనుకు తగినట్లు చేసిన బ్రేకులు, గేరుబాక్సు, రేడియేటరు ఆ భారం మోయలేవు. పైగా పుదుచ్చేరి ఉప్పుగాలికి ఇనుము లోలోపలే తుప్పు పడుతుంది. పైకి తళతళలాడే బాడీ క్రింద ఛాసిస్ ఏ స్థితిలో వున్నదో విప్పి చూచినగాని తెలియదు. అట్టి బండి చెన్నై రహదారిపై అదుపు తప్పితే నష్టపోయేది సైకిలు మీద పోయే కూలివాడు. కనుక ఎవరి ఇష్టం వారిదని వదలివేయమనడం బాధ్యత గల మాట కాదు.

అలాగని గుడ్డి నిషేధం కూడా భద్రత కాదు. నిషేధించినంత మాత్రాన మార్పులు ఆగడం లేదు, రహస్యంగా జరుగుతున్నవి. ఆర్.సి. పుస్తకంలో ఒక ఇంజను, బానెట్టు క్రింద మరొకటి. పరీక్షకు పోతే పట్టుబడతామని యజమాని పరీక్షకే పోడు. ప్రమాదం జరిగిననాడు బీమా వివాదం బాధితుని మెడకు చుట్టుకుంటుంది. పరీక్షించి అనుమతించిన మార్పు కన్న, దాచిపెట్టిన మార్పే ఎక్కువ ప్రమాదకరం.

పుదుచ్చేరి పట్టణమే ఇందుకొక పాఠం చెబుతున్నది. సముద్రతీరాన 19వ శతాబ్దపు పురభవనం, ఫ్రెంచివారి మేరీ, 2014 నవంబరు వానలకు కూలిపోయినది. 2021 నాటికి పాత రూపాన్నే నిలిపి, లోపల నేటి నిర్మాణ పద్ధతులతో దానిని మళ్లీ కట్టినారు. అది పాతదేనని ఎవరూ బుకాయించలేదు. కొత్తదని ఎవరూ వెలివేయనూ లేదు. భవనం రోడ్డు మీద పరుగెత్తదు, నిజమే. కాని మార్పును దాచకుండా, లెక్క కట్టి, పదిమంది ఎదుట చేసే పద్ధతి కార్లకు మాత్రం ఎందుకు పనికిరాదు?

బ్రిటన్‌లో చాలాకాలం ఒక లెక్క పాటించినారు. మొత్తం పద్నాలుగు మార్కులలో ఛాసిస్‌కు ఐదు, ఇంజనుకు ఒకటి. ఎనిమిది వస్తే పాత నంబరు నిలుస్తుంది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 2012 నాటి ట్యూరిన్ చార్టరులో, మార్పులు తిరిగి సరిదిద్దుకొన వీలుగా వుండాలనీ, తీసివేసిన అసలు భాగాలను భద్రపరచాలనీ సూచించినది. మన చట్టమే పెట్రోలు కారును విద్యుత్ కారుగా మార్చుకొనుటకు, ఆమోదించిన కిట్లతో, అనుమతిస్తున్నది. బ్యాటరీల బరువును పరీక్షించి సరేననగలిగిన ప్రభుత్వం, అల్యూమినియం ఇంజను బరువును పరీక్షించలేదా? అందుకు మానేసర్‌లో, పుణేలో సంస్థలున్నవి. పుదుచ్చేరికి చేరువలోనే ఒరగడంలో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన పరీక్షా కేంద్రమున్నది.

కేంద్రం చేయవలసినది పెద్ద పనేమీ కాదు. పాత కార్లకు ‘మార్పు పొందిన చారిత్రక వాహనం’ అన్న మూడో తరగతి ఒకటి ఏర్పరచాలి. ఇంజనుతో పాటు బ్రేకులు, స్టీరింగు, ఛాసిస్ కలిపి పరీక్షించాలి. మార్పును ఆర్.సి.లో రాయాలి, అసలు ఇంజను యజమాని వద్దనే వుండాలి, బీమా సంస్థకు తెలియజేయడం విధి కావాలి. పరీక్షలో తప్పిన బండి రోడ్డెక్కరాదు.

నా మిత్రునికి ఇచ్చిన సమాధానం ఒక్కటే: నేటి చట్టం ప్రకారం వీలులేదు, దొంగచాటుగా చేయవద్దు, అరిగిన ఇంజనునే బాగుచేయించుకొమ్మన్నాను. చట్టాన్ని గౌరవించమని పౌరునికి చెప్పడం సులభం. గౌరవించదగినట్లుగా చట్టాన్ని మలచడం ఢిల్లీ బాధ్యత.