మాటామంతీ: మనకు ‘హ్యావ్’ ఉందా?

ఇంగ్లిషు పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు అడుగుతాడు. ‘‘నాయనా, హ్యావ్ అంటే ఏంది?’’ నాయన పేపర్లోంచి తలెత్తకుండానే చెబుతాడు. ‘‘కలిగి ఉండటం.’’ పిల్లవాడు ఆ సూత్రం పట్టుకుని చకచకా రాసేస్తాడు. నేను ఒక అన్నను కలిగి ఉన్నాను. నేను జ్వరమును కలిగి ఉన్నాను. నేను పది రూపాయలను కలిగి ఉన్నాను. మంచమ్మీద కూర్చున్న అవ్వకు నవ్వాగదు. ‘‘అన్నను కలిగేదేందిరా! నీకు అన్న ఉండాడు. అంతే కదా?’’

ఈ దృశ్యం ప్రొద్దుటూరులోనైనా పులివెందులలోనైనా ఏ ఇంట్లోనైనా చూడొచ్చు. తమాషా ఏమిటంటే, ఇంగ్లిషు ముక్క రాని అవ్వ చెప్పిందే సరైన అనువాదం.

తెలుగులో ‘హ్యావ్’కు సరిసాటి క్రియ లేదు. ఉన్నదల్లా ‘ఉండు’. ఇంగ్లిషు వాక్యంలో మనిషి కర్త. అన్న, జ్వరం, పది రూపాయలు అన్నీ అతని చేతికింద కర్మలు. మన వాక్యంలో అన్నే కర్త. ‘ఉన్నాడు’ అన్న క్రియ అన్నదే. మనిషేమో ‘కు’ అనే ప్రత్యయం తగిలించుకుని ఓ పక్కన నిలబడతాడు. ఆ ‘కు’ కూడా అన్నిచోట్లా చెల్లదు. ‘నాకు డబ్బుంది’ అంటే ఆస్తిపరుణ్నని. ‘నా దగ్గర డబ్బుంది’ అంటే ఇప్పుడు జేబులో ఉందని. కడప పల్లెల్లో దీన్నే ‘నాకాడ’ అంటారు. ‘నాకు అన్న ఉన్నాడు’ అంటే తోడబుట్టినవాడు. ‘నా దగ్గర అన్న ఉన్నాడు’ అంటే ఆయన మా ఇంట్లో ఉంటున్నాడని. ఓపికైతే మనిషిలో ఉంటుంది, లేదా మనిషికి ఉంటుంది. ‘దగ్గర’ ఎప్పుడూ ఉండదు. ఇంగ్లిషువాడు ఒక్క మాటతో దాటేసిన చోట తెలుగువాడు ‘ఎలా ఉంది? ఎక్కడ ఉంది?’ అని అడిగి మరీ సమాధానం చెబుతాడన్నమాట.

మిగతా వాడుకల్లో ‘ఉండు’ కూడా కనిపించదు. టిఫిన్ ‘హ్యావ్’ చేయం, తింటాం. కాఫీ తాగుతాం. సీటు ‘హ్యావ్’ చేయం, కూర్చుంటాం. కల వస్తుంది, జ్వరం తగులుతుంది, ఆకలి వేస్తుంది. ‘వెళ్లాలి’లోని ‘హ్యావ్ టు’ అంతా ఆ చివరి ‘ఆలి’లోనే ఉంది. క్షవరం మనమే చేసుకోకుండా మంగలి చేత చేయించుకుంటే ఇంగ్లిషుకు మళ్లీ ‘హ్యావ్’ కావాలి. మనకు ‘చేసుకున్నాడు’లో ‘యించు’ ఇరికిస్తే చాలు, ‘చేయించుకున్నాడు’ అయిపోతుంది. ఇక బిడ్డను కనడానికి కూడా వాళ్లకు అదే క్రియ. మన పెద్దవాళ్లు ‘నీళ్లాడింది’ అనేవారు.

మరి ఈ తిప్పలు మనకేనా? కాదు. అమెరికాలో చదువుకునే మన పిల్లల్లో చాలామంది బడిలో మరో భాషగా స్పానిష్ నేర్చుకుంటారు. అక్కడా వాళ్లకు మొదట తగిలే రాయి ఇదే. స్పానిష్‌లో ‘హ్యావ్’ రెండుగా చీలిపోతుంది. పుస్తకం, అన్న, జ్వరం ఉన్నాయనడానికి ‘తెనేర్’. ‘తిని ఉన్నాను’ లాంటి చోట్ల సాయం పట్టే క్రియ ‘అబేర్’. ఒకదాని చోట ఇంకోటి వేస్తే టీచరు ఎర్రసిరా తీస్తుంది. టిఫిన్ తినడానికి ‘దెసయునార్’, రాత్రి భోజనానికి ‘సెనార్’ అని విడివిడి క్రియలున్నాయి. బిడ్డను కనడాన్ని వాళ్లు ‘దార్ ఆ లూస్’ అంటారు. మాటకు మాట చెప్పుకుంటే ‘వెలుగుకు ఇవ్వడం’. మన ‘నీళ్లాడటం’ పక్కన పెట్టదగ్గ మాటే! ఇంగ్లిషువాడు ‘హ్యావ్’ వాడని చోట కూడా స్పానిష్‌వాడు ‘తెనేర్’ వాడతాడు. ఆకలిని, చలిని, భయాన్ని, ఆఖరికి వయసును కూడా ‘కలిగి’ ఉంటాడు. ఇంగ్లిషులో ‘నేను ముప్పై ఏళ్లు’ అన్నట్టుండే వాక్యం స్పానిష్‌లో ‘ముప్పై ఏళ్లు కలిగి ఉన్నాను’ అవుతుంది. మనకు మాత్రం ముప్పై ఏళ్లు ‘వస్తాయి’, ‘నిండుతాయి’.

తెలుగువాడి క్రియల పట్టింపు ఎంత పాతదో చూడాలంటే కలమల్ల వెళ్లాలి. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కనున్న ఊరు. అక్కడి చెన్నకేశవాలయ ఆవరణలోని శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో ఇదే పాతదని పండితుల మాట. రాతి మీద కొన్ని అక్షరాలు చెడిపోయాయి. అయినా ఎరికల్ ముత్తురాజు ధనంజయుడనే రేనాటి చోళరాజు పేరు తెలుస్తుంది. ఆ పక్కనే ‘రేనాణ్డు ఏళన్’ అని ఉంది. అంటే రేనాడును ఏలుతుండగా అని. ఆయన రేనాడును ‘కలిగి’ లేడు, ఏలుతున్నాడు. ఆ ‘ఏలు’ పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. పెళ్లాన్ని ‘ఏలుకోని’ మొగుళ్ల పంచాయితీల్లో నిన్నమొన్నటి దాకా వినబడిన మాటే కదా!

ఆ జిల్లాలోనే ఇంగ్లిషుకూ తెలుగుకూ మధ్య పెద్ద వంతెన కట్టే పనీ సాగింది. మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడప వచ్చారు. 1826లో మళ్లీ వచ్చినప్పుడు ఒక బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి కాపీలు రాయించారు. 1850ల తొలినాళ్లలో ఆయన నిఘంటువులు అచ్చయ్యాయి. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. నిఘంటువు చేసేవాళ్లను ‘ఏనుగు’ లాంటి పెద్ద జంతువులు ఏమీ ఇబ్బంది పెట్టవు. ఒక్క మాట రాస్తే సరి. హ్యావ్, గెట్, టేక్ లాంటి చిన్న మాటలే పేజీలకు పేజీలు మింగేస్తాయి.

అన్నట్టు, ‘కలిగి’ అనే మాట తప్పేమీ కాదు. ‘కలిగినవాళ్లు’, ‘కలవారి ఇల్లు’ మంచి తెలుగే. పోలీసులు ‘గంజాయి కలిగి ఉన్నందుకు’ అని రాస్తే అర్థముంది. అక్కడ చేతిలో ఉండటమే నేరం. చిక్కల్లా దాన్ని అన్ని తాళాలకూ ఒకే తాళంచెవి చేసుకోవడంతోనే. చీమకు ఆరు కాళ్లుంటాయని పసిపిల్లలకు కూడా తెలుసు. ‘చీమ ఆరు కాళ్లను కలిగి ఉంటుంది’ అని పాఠంలో కనబడితే అదేదో కొత్త సంగతనుకుంటారు. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో తెలుగు. రెండు వాక్యాలూ పక్కపక్కన చూసుకునే పిల్లవాడికి తెలుగు పేజీ అవ్వ మాటలా వినిపిస్తే ఇంగ్లిషు పేజీ తేలికవుతుంది. అలా వినిపించకపోతే వాడు రెండు పరాయి భాషలు నేర్చుకోవాల్సిందే.

పొలం దగ్గరికొస్తే ఇది భాష గొడవ మాత్రమే కాదు. ‘అతనికి ఐదెకరాలుంది’ అని ఇంగ్లిషులో చెప్పడానికి ‘హ్యావ్’ చాలు. మన ఊళ్లో రచ్చబండ దగ్గర ఆ మాటంటే వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. పేరున ఉందా, సాగులో ఉందా, గుత్తకు చేస్తున్నాడా, తాకట్టులో ఉందా? అడంగల్లో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు వేరే గడి ఉండేది అందుకే. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చినప్పుడు, యజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందం మీద గుత్తరైతుకు పత్రం ఇవ్వాలన్నారు. అప్పు, బీమా, నష్టపరిహారం అతనికి అందడానికి ఆ పత్రమే ఆధారం. దరఖాస్తులో ‘మీరు ఎంత భూమిని కలిగి ఉన్నారు?’ అని అడిగితే, పన్నెండేళ్లుగా పక్కవాళ్ల ఐదెకరాల్లో శనగ వేస్తున్న మనిషి ఏం రాయాలి? సున్నా అని రాస్తాడు. ‘మీ సాగులో ఎంత ఉంది?’ అని అడిగితే ఐదు అని రాస్తాడు.