సీరియల్ బల్బుల మరమ్మతు: పొదుపు, ప్రాణరక్షణ

రమజాన్ నెలవంక కనిపించినా, ఇంట్లో నికాహ్ నిశ్చయమైనా మన కోస్గిలో అటకల మీది సీరియల్ బల్బుల సెట్లు కిందికి దిగుతాయి. వాటిలో కొన్ని బల్బులు మాడిపోయి ఉంటాయి. మాడినదాన్ని కత్తిరించివేసి, రెండు కొనలూ మెలిపెట్టి టేపు చుట్టడం చాలా ఇళ్లలో జరిగే పనే. “కొత్త సెట్టు కొంటే దుబారా కాదా హజ్రత్?” అని అడిగేవారున్నారు. దుబారాను ధర్మం నిషేధించిన మాట నిజమే. అయితే ఇది పొదుపేనా అన్నది ఆలోచించాలి.

ఇంటికి వచ్చే 230 వోల్టులను వరుసలోని బల్బులన్నీ పంచుకుంటాయి. బల్బులు 38 ఉంటే ఒక్కొక్కదానికి సుమారు 6 వోల్టులు అందుతాయి. ఎనిమిదింటిని కోసివేస్తే మిగిలిన 30లో ప్రతిదాని మీదా దాదాపు 7.7 వోల్టులు పడతాయి. అవి అధికంగా వేడెక్కి త్వరగా మాడిపోతాయి.

దీనికి మించిన ప్రమాదం మరొకటుంది. వరుస మొత్తం ఆరిపోయినప్పుడు తీగలో కరెంటు లేదని భ్రమపడతాము. కానీ తెగినచోటి వరకు కరెంటు నిలిచే ఉంటుంది. అక్కడ వేలు పెట్టినవారికి షాక్ తగులుతుంది. టేపు చుట్టిన అతుకు వానకు తడిసి రేకుల కప్పును గాని, బట్టలారవేసే ఇనుప దండేన్ని గాని తాకితే వాటికీ కరెంటు పాకుతుంది. అప్పుడు మన బిడ్డలతోపాటు పొరుగింటి బిడ్డలకూ ముప్పే.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా దగ్ధమైంది. ఆ వార్త విన్న దైవప్రవక్త (సఅసం) నిప్పు మనకు శత్రువని, నిద్రించే ముందు దాన్ని ఆర్పివేయాలని ఉపదేశించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఎలుక దీపపు వత్తిని ఈడ్చుకుపోయి ఇంటిని కాల్చవచ్చని మరో హదీసు హెచ్చరిస్తుంది. అటక మీది తీగలను కొరికేదీ ఆ ఎలుకే.

కనుక ప్లగ్గు ఊడదీయనిదే సెట్టును తాకవద్దు. స్విచ్ ఆపితే చాలదు. మాడిన బల్బు స్థానంలో అదే వోల్టుల బల్బును అమర్చండి. పొదుపంటే ఇదే. పైతొడుగు చిట్లిన తీగను, ఎలుక కొరికిన సెట్టును పారవేయండి. ఆరుబయట కట్టడానికి ఆరుబయటి వాడకం కోసం తయారైన సెట్టునే కొనండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీని ఎలక్ట్రీషియన్‌తో బిగింపజేయండి. పడుకునే ముందు ప్లగ్గు తీసే బాధ్యత ఇంటిపెద్ద స్వీకరించాలి.

షరీఅత్ పరిరక్షించే ఐదింటిలో ప్రాణమూ ఉంది, సంపదా ఉంది. ఆ రెండింటిలో ఒకటే దక్కే చోట ప్రాణానిదే ముందు స్థానం. ప్రమాదకరమైన సెట్టును పారవేసి కొత్తది కొన్న సొమ్ము దుబారా లెక్కలోకి రాదు. మన ఇళ్లను, మన పొరుగువారి ఇళ్లను అల్లాహ్ సురక్షితంగా ఉంచుగాక! ఆమీన్.