ఫంక్షన్‌కి ఫొటోగ్రాఫర్ కావాలి, ఇంట్లో మాత్రం వద్దు

ఆక్లాండ్‌లో మన తెలుగువాళ్ళ ఇంట్లో ఓణీల ఫంక్షన్ అనుకోగానే మొదట హాలు, తర్వాత భోజనాలు, ఆ తర్వాత ఫొటోగ్రాఫర్. హాలు అద్దె దగ్గర ఎవరం నోరెత్తం, కౌన్సిల్ చెప్పిందే రేటు. ఫొటోగ్రాఫర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మూడు గంటల పనే కదండీ, కాస్త చూసి చెప్పండి" అంటాం. ఆఫీసులో ఎవరైనా "పది లైన్ల కోడే కదా" అంటే మనకెంత ఒళ్ళు మండుతుందో ఆ క్షణాన గుర్తుకు రాదు.

ఆ మూడు గంటలు మనకు కనిపించే పని. కనిపించని పని అతను ఇంటికెళ్ళాక మొదలవుతుంది. వేలల్లో తీసినవాటిలో కళ్ళు మూసుకున్నవి, ఎవరి మోచెయ్యో అడ్డొచ్చినవి తీసేసి కొన్ని వందలు ఏరాలి. కమ్యూనిటీ హాలు ట్యూబులైట్ల కింద పసుపు రాసిన బుగ్గలు ఆకుపచ్చగా పడతాయి, ఆ రంగులన్నీ సరిదిద్దాలి. నేల మీద బాస్కెట్‌బాల్ గీతలు, గోడ మీద ఎగ్జిట్ బోర్డు కనపడకుండా మండపాన్ని చూపించాలి. బయట తీద్దామంటే ఇక్కడి వేసవి ఎండ కళ్ళ కింద నల్లటి నీడలు వేస్తుంది. సాయంత్రపు మెత్తటి వెలుగు వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది, అప్పటికి మనవాళ్ళంతా భోజనాల దగ్గర ఉంటారు. రెండో కెమెరా, లెన్సులు, బీమా, బ్యాకప్ డ్రైవులు అన్నీ అతని జేబులోంచే. ఏడాది టర్నోవర్ 60,000 డాలర్లు దాటితే 15 శాతం జీఎస్టీ కూడా వసూలు చేసి కట్టాలి. చలికాలంలో పనులు తగ్గినా ఇంటి అద్దె ఆగదు.

డబ్బు సంగతి అలా ఉంచి, కన్ను సంగతి చూద్దాం. మన పెళ్ళిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. మధ్యలో తెర, ఒకరి తల మీద ఒకరి చెయ్యి, మేళం ఒక్కసారిగా హోరెత్తడం, అక్షతలు. అంతా కలిపి కొన్ని సెకన్లు. ఈ సంగతి తెలియని ఫొటోగ్రాఫర్ ఎంత గొప్పవాడైనా, అసలు ఘట్టం ఇంకా ముందుందనుకుని లెన్సు మార్చుకుంటూ ఉంటాడు. (ఆ లోపు మన బంధువులు ఫోన్లెత్తి అడ్డుగోడ కట్టేస్తారు, అది వేరే కథ.) ఎక్కడ నిలబడాలో, ఏ పెద్దమ్మ కళ్ళు ఒత్తుకోబోతోందో ముందే పసిగట్టడానికే అతనికి డబ్బిచ్చేది. కెమెరా దుకాణంలో దొరుకుతుంది.

వెల్లింగ్టన్‌లో పుట్టిన బ్రయన్ బ్రేక్ 1960లో మన దేశంలో తిరిగి వానాకాలాన్ని ఫొటోలు తీశాడు. 1961లో లైఫ్ పత్రిక వేసింది. తొలివానకు ముఖమెత్తి కళ్ళు మూసుకున్న అమ్మాయి ఫొటో వాటిల్లోదే. ఆ అమ్మాయి తర్వాత నటిగా, దర్శకురాలిగా పేరు తెచ్చుకున్న అపర్ణా సేన్. ఆ వాన మాత్రం ఆకాశం నుంచి పడలేదు. కలకత్తాలో ఒక మేడ మీద, మొక్కలకు నీళ్ళు పోసే క్యాన్‌తో కురిపించారు. మోసం అనేవాళ్ళు అనొచ్చు. నాకైతే వాన కోసం ఎదురుచూసిన దేశాన్నంతా ఒక్క ముఖంలో చూపించాలని ముందే అనుకుని, అందుకు ఏర్పాట్లు చేసుకున్న మనిషి కనిపిస్తాడు. "బటన్ నొక్కడమే కదా" అనేవాళ్ళు ఆ ఫొటోను ఒకసారి వెతికి చూడండి.

ఫొటోలు ఎవరివి అనే తగువు కూడా మన దగ్గర తరచూ వస్తుంది. న్యూజిలాండ్ 1994 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారిదే కాపీరైట్. చాలామంది ఫొటోగ్రాఫర్లు దాన్ని తమ దగ్గరే ఉంచుకుంటూ కాంట్రాక్టు రాస్తారు, అది వాళ్ళ హక్కు. అలా రాసుకున్నా, ఇంటి వేడుక కోసం తీయించుకున్న ఫొటోలను మన అనుమతి లేకుండా బయట ప్రదర్శించకూడదని అదే చట్టం చెబుతోంది. సంతకానికి ముందు ఆ రెండు పేజీలు చదివితే తర్వాత వాట్సాప్‌లో గొడవ పడక్కర్లేదు.

ఇంత నేర్పు కావాల్సిన పనిని మన పిల్లలు చేస్తామంటే మనం ఏమంటాం? "హాబీగా చేసుకో నాన్నా, ముందు డిగ్రీ కానీ." ఫంక్షన్లలో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. హైదరాబాద్ చరిత్ర తెలిసినవాళ్ళకి రాజా దీన్‌దయాళ్ పేరు కొత్త కాదు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం చేసి, దాన్ని వదిలి ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, ఆరో నిజాం కొలువులో చేరాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం, తీసేవారు కూడా స్త్రీలే ఉండేలా ప్రత్యేకంగా స్టూడియో తెరిచాడు. అప్పటి హైదరాబాద్ ఎలా ఉండేదో ఇవాళ చూడగలుగుతున్నామంటే అందులో ఆయన వాటా చాలా పెద్దది. ఆ ఉద్యోగంలోనే రిటైరై ఉంటే ఆయన పేరు మనకెవరికీ తెలిసేది కాదు.

మనవాళ్ళే ఎందుకు తీయాలి అంటే, 1957లో నెదర్లాండ్స్ నుంచి వలస వచ్చిన ఆన్స్ వెస్ట్రా సంగతి ఉంది. మావోరీ కుటుంబాల రోజువారీ బతుకును దశాబ్దాలపాటు తీసిన మనిషి. 1964లో ఆమె ఫొటోలతో ప్రభుత్వం బడిపిల్లల కోసం 'వాష్‌డే ఎట్ ది పా' అనే పుస్తకం వేస్తే, మావోరీ మహిళా సంక్షేమ సంఘం అభ్యంతరం చెప్పింది. మావోరీలంతా ఇలాంటి పాత ఇళ్ళలోనే ఉంటారని చదివినవాళ్ళు అనుకుంటారని వాళ్ళ బాధ. ప్రభుత్వం పుస్తకాన్ని వెనక్కి తీసుకుంది. ఆమె ఫొటోలు గొప్పవే, వాళ్ళ బాధా న్యాయమైనదే. మన గురించి ఇక్కడ మిగిలే బొమ్మను మనలో ఎవరూ తీయకపోతే, రేపు తప్పుపట్టడం ఒక్కటే మన చేతిలో ఉంటుంది.

ఇప్పటికి మన దగ్గర ఉన్నవన్నీ వరసగా నిలబడి నవ్విన ఫొటోలే. అందుకే మా సంఘంవాళ్ళకి ఒక మాట చెప్పాను. వచ్చే బతుకమ్మకి ఫొటోగ్రాఫర్‌ను మూడు గంటలు ముందే రమ్మనండి, ఆ గంటలకీ డబ్బివ్వండి, హాలుకి కాకుండా ఎవరింటి గ్యారేజీకైనా పంపండి. తంగేడు, గునుగు దొరకని ఊళ్ళో ఆడవాళ్ళు పెరటి పూలు కోసుకొచ్చి, కింద కూర్చుని, ఇక్కడే పుట్టిన పిల్లలకి పేర్చడం నేర్పేది అక్కడే. అలాంటి ఫొటో ఇప్పటిదాకా మా సంఘం ఆల్బమ్‌లో ఒక్కటి కూడా లేదు.